ఖరీదైన డ్యాక్ కొనేముందు చెవులను పరీక్ష చేయించుకోండి

ఇంట్లో కూర్చుని శ్రద్ధగా సంగీతం వినే మిత్రులు ఈ మధ్య నన్ను మందుల గురించి కాక ఒక యంత్రం గురించి అడుగుతున్నారు. దాని పూర్తి పేరు డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్. వాడుకలో దానిని డ్యాక్ అంటారు. వెయ్యి రూపాయలకూ దొరుకుతుంది, కారు ధరకూ దొరుకుతుంది. పదవీ విరమణ చేసినవారు చేతికందిన సొమ్ములో కొంత భాగాన్ని దానిపై పెట్టడం నేను చూస్తున్నాను. నేను ఇంజనీరును కాను. ప్రభుత్వ ఆసుపత్రులలో మూడు దశాబ్దాలకు పైగా వైద్యవృత్తి సాగించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. సంగీతమంటే ఇష్టం కనుక ఈ యంత్రం గురించి కొంత చదివాను, కొంత విన్నాను. అయితే ఈ వ్యాసం యంత్రం కంటే ఎక్కువగా మీ చెవులను గురించినది. ఆ రెండింటినీ కలిపి ఎందుకు చెప్పవలసి వచ్చిందో చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

డ్యాక్ చేసే పని

శబ్దం అంటే గాలి పీడనంలో కలిగే హెచ్చుతగ్గులు. మైకు ఆ హెచ్చుతగ్గులను విద్యుత్తుగా మారుస్తుంది. డిజిటల్ రికార్డింగులో ఆ విద్యుత్తును సెకనుకు ఎన్నో వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటారు. కాంపాక్ట్ డిస్కు విషయంలో సెకనుకు 44,100 కొలతలు. ఒక్కొక్క కొలత 16 బిట్లలో ఉంటుంది. అంటే 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు. ఈ అంకెలను తిరిగి విద్యుత్ తరంగంగా మార్చేదే డ్యాక్. ఆ తరంగాన్ని ఆంప్లిఫయరు పెంచుతుంది, స్పీకరు గాలిని కదిలిస్తుంది, మన చెవి వింటుంది.

కనుక డ్యాక్ కొత్త వస్తువేమీ కాదు. మీ సెల్ ఫోనులో, టీవీలో, కంప్యూటరులో ఇప్పటికే ఒకటి ఉంది. 1982 అక్టోబరులో జపానులో కాంపాక్ట్ డిస్కు ప్లేయర్లు మొదటిసారి అమ్మకానికి వచ్చినప్పుడే ఇవి ఇళ్లలోకి వచ్చాయి. ఫిలిప్స్ వారి తొలి ప్లేయర్లలో వాడిన చిప్పు 14 బిట్లదే. కొలతల మధ్య అదనపు విలువలను లెక్కకట్టే ఉపాయంతో దాని నుండే 16 బిట్లకు దగ్గరైన నాణ్యతను వారు రాబట్టారు. నలభై ఏళ్ల క్రితమే ఈ విద్య ఎంత ముందుకు వెళ్లిందో గమనించండి.

అంకెలుగా రాసిన శబ్దం మెట్లుమెట్లుగా, గరుకుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఒక శబ్దంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెండింతలకు మించిన వేగంతో కొలతలు తీసుకుంటే, ఆ కొలతల నుండి అసలు తరంగాన్ని నున్నగా పునర్నిర్మించవచ్చునని గణితం నిరూపించింది. 44,100లో సగం 22,050. మనిషి చెవి వినగల పరిమితి, అదీ చిన్న వయసులో, సుమారు 20,000 హెర్ట్జ్.

ధర దేనికి?

ఖరీదైన డ్యాకులలో మోసమేమీ లేదు. వాటిలో శ్రమ ఉంది. కొందరు తయారీదారులు అతి కచ్చితమైన నిరోధకాలను నిచ్చెనలా పేర్చి వాడతారు. మరికొందరు తామే రాసుకున్న లెక్కలను ప్రత్యేకమైన చిప్పులలో నడిపిస్తారు. బ్రిటనుకు చెందిన డీసీఎస్, కార్డ్ వంటి సంస్థలు ఇలా సొంత పద్ధతులకు పేరు పొందాయి. విద్యుత్ సరఫరాలోని రొదను అణచడానికి, కొలతల మధ్య కాలవ్యవధి చెదరకుండా ఉండడానికి ఎంతో శ్రద్ధ పెడతారు. దళసరి లోహంతో పెట్టె చేస్తారు. కొద్ది సంఖ్యలోనే తయారవుతాయి కనుక ఒక్కొక్కదాని మీద ఖర్చు పెరుగుతుంది.

ఈ శ్రమ ఫలితం కొలత యంత్రాలకు కనిపిస్తుంది. మంచి డ్యాకులో సంగీతానికీ యంత్రపు సొంత రొదకూ మధ్య 120 డెసిబెల్ల అంతరం ఉంటుంది. అయితే ఆ అంతరం మీ గదిలో ఎంతవరకు నిలుస్తుందో ఒక్కసారి లెక్క వేద్దాం. నిశ్శబ్దమైన గదిలో కూడా సుమారు 30 డెసిబెల్ల ధ్వని ఉంటుంది. పంకా తిరిగితే అది ఇంకా పెరుగుతుంది. కాంపాక్ట్ డిస్కు 16 బిట్ల అంతరం 96 డెసిబెల్లు. 30కి 96 కలిపితే 126. ఆ స్థాయి శబ్దం చెవికి నొప్పి కలిగిస్తుంది. అంటే మామూలు డిస్కులోని అంతరాన్నే మనం ఇంట్లో పూర్తిగా అనుభవించలేము. 24 బిట్లలో మిగిలినదంతా పంకా గాలిలో కలిసిపోతుంది.

పైగా మా తరం వారు ప్రేమించే సంగీతం ఎటువంటిది? ద్వారం వెంకటస్వామినాయుడు గారి వాయులీనాన్ని 78 తిరుగుళ్ల రికార్డులలో విన్నాము. ఘంటసాల గారి పాటలు సినిమా ఫిలిము అంచున ఉన్న సౌండ్ ట్రాక్ ద్వారా, మీడియం వేవ్ రేడియో ద్వారా మన దగ్గరకు వచ్చాయి. 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం మా ఇళ్లకు సంగీతాన్ని మోసుకొచ్చింది కానీ, మీడియం వేవ్‌లో సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన ధ్వనులు పెద్దగా రావు. ఆ పరిమితులలోనే ఆ సంగీతం మన కళ్లు చెమర్చేలా చేసింది. రికార్డింగులో లేనిదానిని ఏ డ్యాకూ చేర్చలేదు.

చెవి కూడా ఒక కన్వర్టరే

ఇప్పుడు నా వృత్తిలోకి వస్తాను. కర్ణభేరి కంపనాలను మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో రోమకణాలు ఉంటాయి. ఒక్కొక్క చెవిలో లోపలి వరుస రోమకణాలు సుమారు 3,500, వెలుపలి వరుసలవి సుమారు 12,000. ఇవి కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మార్చి, సుమారు 30,000 నాడీతంతువుల ద్వారా మెదడుకు పంపుతాయి. వెలుపలి రోమకణాలు సన్నని ధ్వనులను పెంచి, దగ్గర దగ్గరగా ఉన్న స్వరాలను వేరుపరచడానికి తోడ్పడతాయి. గమకంలోని నునుపు మనకు తెలిసేది వాటి దయవల్లనే.

మనుషులలో ఈ కణాలు ఒకసారి నశిస్తే తిరిగి పుట్టవు. కాక్లియా మొదట్లో ఉన్న కణాలు అధిక పౌనఃపున్యాలను గ్రహిస్తాయి. వయసు ప్రభావం మొదట పడేది వాటి మీదనే. అందువల్ల డెబ్బైలలో ఉన్నవారిలో చాలామందికి 10,000 హెర్ట్జ్ దాటిన ధ్వనులు దాదాపు వినబడవు. 4,000 హెర్ట్జ్ దగ్గర కూడా లోపం మొదలై ఉంటుంది. తాళాల మెరుపు, తంబురా జీరలోని సన్నని పొర, మాటలలో స, శ, ఫ, త వంటి హల్లులు ముందుగా పల్చబడతాయి. అచ్చులు వినబడుతూనే ఉంటాయి. అందుకే పెద్దవారు “మాట వినబడుతోంది కానీ ఏమంటున్నారో తెలియడం లేదు” అంటారు. ఎదుటివారు గొణుగుతున్నారని విసుక్కుంటారు. ఈ లోపం ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది కనుక రోగికి అది తన చెవిలో ఉన్నట్లు తోచదు. టీవీలో ఉన్నట్లు, ఫోనులో ఉన్నట్లు, సంగీతప్రియుడికైతే స్పీకరులోనో డ్యాకులోనో ఉన్నట్లు తోస్తుంది.

వయసు ఒక్కటే కారణం కాదు. మధుమేహం ఉన్నవారిలో వినికిడి లోపం ఎక్కువ. ఏళ్ల తరబడి పెద్ద శబ్దాల మధ్య పనిచేసినవారిలో ఎక్కువ. కొన్ని మందులు కూడా చెవికి హాని చేస్తాయి. క్షయవ్యాధికి వాడిన స్ట్రెప్టోమైసిన్, కానామైసిన్ సూదిమందులు ప్రాణాలు నిలిపాయి కానీ, కొందరిలో తూలుడునూ, చెవుడునూ మిగిల్చాయి. అటువంటి రోగులను నేను స్వయంగా చూశాను. జెంటామైసిన్, కొన్ని క్యాన్సరు మందులు, అధిక మోతాదులో ఆస్పిరిన్ కూడా ఈ కోవలోనివే. ఇక అన్నిటికంటే సులువుగా నయమయ్యే కారణం చెవిలో గట్టిపడిన గులిమి.

ఒక మిత్రుని సంగతి

నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రుడు ఒకరున్నారు. నాకంటే రెండేళ్లు చిన్నవారు. కచేరీ జరుగుతుంటే రాగం పేరు చెప్పడానికి పక్కవారు ఆయనవైపే చూసేవారు. నాలుగేళ్ల క్రితం ఆయన “డాక్టరుగారూ, తంబురా ఎందుకో పల్చబడిపోయిందండీ, పాతకాలపు తీపి రావడం లేదు” అన్నారు. ముందు తీగలు మార్చారు, తరువాత స్పీకర్లు మార్చారు. చివరికి రెండున్నర లక్షలు పెట్టి డ్యాక్ కొన్నారు. మొదటి వారం ఎంతో బాగుందన్నారు. మూడవ నెలకు మళ్లీ అదే మాట.

ఆయన ఇంటికి వెళ్లినప్పుడు నేను గమనించింది వేరు. అమెరికాలో ఉన్న అమ్మాయి ఫోను చేస్తే, రెండు మాటలు కాగానే “ఇదిగో, మీ అమ్మతో మాట్లాడు” అని ఫోను ఇచ్చేస్తున్నారు. సభలకు వెళ్లడం మానేశారు. పలుకరించడానికి వచ్చినవారి దగ్గర కూర్చోకుండా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నారు. “ఈయనకు పాటలు తప్ప మేమెవరమూ అక్కర్లేదండీ అన్నయ్యగారూ” అని ఆయన సతీమణి నాతో అన్నారు. ఆమె కంఠంలో నిష్ఠూరం కంటే దిగులే ఎక్కువగా వినిపించింది.

నేను చెవి పరీక్ష చేయించుకొమ్మంటే ఆయన ఒప్పుకోలేదు. “నాకు శ్రుతి అణువంత తేడా పోయినా తెలుస్తుంది, చెవుడేమిటి?” అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. శ్రుతి తెలిసేది ప్రధానంగా మధ్యస్థాయి ధ్వనులతో. ఆయన పోగొట్టుకున్నవి ఆపై ధ్వనులు. ఆ సంగతి మాటలతో నచ్చజెప్పలేనని తెలిసి ఒక ప్రయోగం చేద్దామన్నాను.

తెలియకుండా పోల్చడం

మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి వైద్యంలో ఒక పద్ధతి ఉంది. రోగికీ తెలియకూడదు, ఇచ్చేవారికీ తెలియకూడదు, ఏది మందో ఏది ఉత్తుత్తి మాత్రో. ఎందుకంటే నమ్మకం ఒంటిమీద నిజంగానే పనిచేస్తుంది. 2008లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో ఒకే వైనును రెండు ధరలు చెప్పి రుచి చూపించారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు రుచి బాగుందని చెప్పడమే కాక, మెదడులో ఆనందానికి సంబంధించిన భాగంలో కూడా చురుకుదనం పెరిగింది. తాగినవారు అబద్ధం చెప్పలేదు. వారికి నిజంగానే బాగుంది. రెండున్నర లక్షల యంత్రం మొదటి వారం మధురంగా వినిపించడం కూడా అటువంటిదే.

సంగీతంలోనూ ఇటువంటి పరీక్షలు జరిగాయి. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ప్రచురించిన పరీక్షలో, ఎక్కువ బిట్ల రికార్డింగునూ దానినే కాంపాక్ట్ డిస్కు స్థాయికి దించినదానినీ శ్రోతలకు తెలియకుండా పోల్చారు. 554 ప్రయత్నాలలో 276 సార్లు మాత్రమే సరిగా చెప్పగలిగారు. నాణెం ఎగరవేసినా అంతే వస్తుంది. 2016లో రీస్ అనే పరిశోధకుడు 18 అధ్యయనాలను కలిపి లెక్కకట్టినప్పుడు సరైన జవాబులు 52.3 శాతం తేలాయి. శిక్షణ పొందిన శ్రోతలు ఇంకొంత మెరుగ్గా గుర్తించారు. ఇవి డ్యాకుల మధ్య పోలికలు కావు, రికార్డింగు స్థాయుల మధ్య పోలికలు. అయినా తేడా ఉన్నచోట కూడా అది ఎంత సన్ననిదో ఇవి చెబుతున్నాయి.

మా ప్రయోగం ఇలా జరిగింది. ఆయన డ్యాకునూ, మా మనవడి దగ్గర ఉన్న వెయ్యి రూపాయల చిన్న డ్యాకునూ ఒకే ఆంప్లిఫయరుకు కలిపాము. 1,000 హెర్ట్జ్ స్వరం పెట్టి వోల్టుమీటరుతో రెండింటి స్థాయినీ సమానం చేశాము. ఇది ముఖ్యం. రెండింటిలో కొంచెం బిగ్గరగా ఉన్నదే మన చెవికి మెరుగ్గా వినిపిస్తుంది, ఖరీదైన యంత్రాలు కొన్ని ఎక్కువ వోల్టేజీ ఇస్తాయి. ఒక వంతుకు నూరోవంతు తేడా కూడా లేకుండా చూసుకోవాలి. మనవడు పరదా వెనుక నాణెం ఎగరవేసి ఒకదానిని కలిపేవాడు, మాతో మాట్లాడేవాడు కాదు. పదహారు సార్లు చేశాము. కేవలం అదృష్టం కాదని చెప్పాలంటే కనీసం 12 సరిపోవాలి. నాకు 9 వచ్చాయి, ఆయనకు 7.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి వారం నాతో చెవి, ముక్కు, గొంతు నిపుణుని దగ్గరకు వచ్చారు. కుడిచెవిలో గులిమి గట్టిపడి ఉంది. అది తీసిన తరువాత ఆడియోగ్రాం చేశారు. 1,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు మామూలే. 4,000 దగ్గర రెండు చెవులలోనూ లోపం 55 డెసిబెల్లు దాటింది. ఆ కాగితం చూసి ఆయన అన్నది ఒకటే: “అయితే తంబురా బాగానే ఉందన్నమాట.”

అసలు అవసరమైన డ్యాక్

ఆయనకు వినికిడి యంత్రాలు అమర్చారు. ఈనాటి వినికిడి యంత్రంలో మైకు ఉంటుంది, శబ్దాన్ని అంకెలుగా మార్చే భాగం ఉంటుంది, లోపమున్న పౌనఃపున్యాలను పెంచే లెక్క ఉంటుంది, ఆ అంకెలను తిరిగి శబ్దంగా మార్చే భాగం కూడా ఉంటుంది. డెబ్బై ఏళ్ల సంగీతప్రియుడికి అవసరమైన డ్యాక్ బల్ల మీద కాక చెవి వెనుక ఉండవలసి రావచ్చు.

అయితే సంగీతం విషయంలో కొంత ఓపిక కావాలి. వినికిడి యంత్రాలను ప్రధానంగా మాటల కోసం రూపొందిస్తారు. పాత యంత్రాలలో కొన్ని సుమారు 95 డెసిబెల్లు దాటిన ధ్వనిని వక్రీకరిస్తాయి, ఎదురుగా జరిగే కచేరీ ఆ స్థాయిని సులువుగా దాటుతుంది. కనుక అమర్చేవారితో మీరు సంగీతం వింటారని ముందే చెప్పండి. సంగీతానికి వేరే ప్రోగ్రాం పెట్టించండి, రొద తగ్గించే సదుపాయాన్ని అందులో ఆపించండి. మెదడు కొత్త ధ్వనులకు అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. నా మిత్రుడికి మొదట్లో గిన్నెల చప్పుడు భరించరానిదిగా ఉండేది. రెండుసార్లు యంత్రాలను సొరుగులో పడేశారు. మూడు నెలలకు సర్దుకున్నారు. సంగీతం పూర్వంలా ఉందా అంటే లేదనే అంటారు. కానీ ఇప్పుడు అమ్మాయి ఫోను చేస్తే ఆవిడకు తొందరగా ఇవ్వడం లేదట.

ఇది మర్యాదకు, సరదాకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. మతిమరపు వ్యాధుల గురించి లాన్సెట్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో, మనం సరిదిద్దుకోగల 14 కారణాలలో వినికిడి లోపం ప్రధానమైన వాటిలో ఒకటి. 2023లో వెలువడిన అచీవ్ అనే పరీక్షలో వినికిడి యంత్రాలు వాడినవారందరిలోనూ మూడేళ్లలో స్పష్టమైన తేడా కనిపించలేదు కానీ, అప్పటికే మతిమరపుకు అవకాశం ఎక్కువగా ఉన్న వృద్ధులలో మేధాశక్తి క్షీణత 48 శాతం మందగించింది. మాట వినబడనివారు మనుషులకు దూరమవుతారు, దూరమైనవారి మెదడుకు పని తగ్గుతుంది.

మీరు చేయవలసినవి

యాభై దాటినవారు ఒకసారి ఆడియోగ్రాం చేయించుకోండి. నొప్పి లేని పరీక్ష, అరగంట పడుతుంది. మధుమేహం ఉన్నవారు ఆలస్యం చేయకండి.

చెవిలో పిన్నీసులు, అగ్గిపుల్లలు, దూది పుల్లలు పెట్టవద్దు. కాచిన నూనె పోయవద్దు. గులిమిని వైద్యునితో తీయించుకోండి.

ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే అది అత్యవసర పరిస్థితి. జలుబు అనుకుని వారాలు గడపకండి. ఒకటి రెండు రోజులలో నిపుణుని కలిస్తే మందులతో వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. ఒక చెవిలోనే హోరు, ఒక చెవిలోనే లోపం ఉన్నా పరీక్ష తప్పనిసరి.

ఇయర్‌ఫోన్లు వాడే పిల్లలకు ఈ లెక్క చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 80 డెసిబెల్ల ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్ల పెంపుకూ ఆ సమయం సగమవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5, 92కి రెండున్నర గంటలు. డ్యాక్ ఎంత నాణ్యమైనదైనా ఈ లెక్క మారదు. పైగా శబ్దం శుభ్రంగా ఉంటే ఎంత బిగ్గరగా వింటున్నామో తెలియదు.

ఇక డ్యాక్ సంగతి. మీ కంప్యూటరు నుండి గురగుర, చిటపటలు వినిపిస్తుంటే, లేదా మీ ఫోనుకు ఇయర్‌ఫోను రంధ్రం లేకపోతే విడిగా ఒక డ్యాక్ కొనండి. అందుకు కొద్ది వేలు చాలు. అమెరికాలో 9 డాలర్లకు ఆపిల్ సంస్థ అమ్మిన చిన్న తీగముక్కలోని డ్యాక్ కూడా కొలతలలో మంచి ఫలితాలు ఇచ్చింది. మిగిలిన డబ్బును స్పీకర్ల మీద, గదిలో ప్రతిధ్వని తగ్గించే పరదాలు, తివాచీల మీద పెడితే తేడా నిజంగా వినబడుతుంది. అందమైన యంత్రాన్ని సొంతం చేసుకోవడంలో ఉన్న ఆనందం కోసం కొంటానంటే దానికి నా అభ్యంతరం లేదు, స్తోమత ఉన్నంతవరకు. కానీ పాట పల్చబడిందని కొంటున్నారా, అయితే దుకాణానికి వెళ్లే దారిలో చెవి వైద్యుని దగ్గర ఒకసారి ఆగండి. మీతోపాటు మీ ఇంటి ఆవిడనో, ఇంటాయననో తీసుకువెళ్లండి. టీవీ శబ్దం ఎప్పటి నుండి పెరిగిందో వైద్యునికి వారే సరిగ్గా చెప్పగలరు.